గొళ్లెం వెనక యోసేపు రాసిన నాలుగు పేజీలు

బిజినేపల్లి యోసేపు పేరెత్తితే మా వాడకట్టులో ముందు నవ్వుతారు, ఆ తర్వాతే గౌరవంగా మాట్లాడతారు. నవ్వు ముందెందుకు వస్తుందో చెబుతాను.

యోసేపు మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివాడు. దవాఖాన డాక్టరమ్మ గారి మోటారు తుడుస్తూ తుడుస్తూ దాని కడుపులో ఏముందో నేర్చుకున్నాడు. యుద్ధం రాగానే ఫౌజులో చేరాడు. వాళ్లు తీసుకుపోయి లారీల కార్ఖానాలో పెట్టారు.

అక్కడ ఇంజను మీది మూతకు బోల్టులు బిగించడంలో అతణ్ని మించినవాడు లేడు. తక్కువ బిగిస్తే లోపలి గాలీ నీళ్లూ కారిపోతాయి, ఎక్కువ బిగిస్తే బోల్టు తెగుతుంది. తక్కినవాళ్లు బిగించినవి నడిదారిలో తెగేవి. శత్రువు ఎదుట ఆగిపోయిన లారీలో కూర్చున్నవాళ్ల గతి ఏమిటో నేను చెప్పనక్కర్లేదు.

నలభై నాలుగు వేసవిలో పదిహేను రోజుల సెలవు మీద పంపుతూ కెప్టెన్ సాహెబు ఇలా అన్నాడట: "నీ విద్యంతా నీ చేతుల్లోనే ఉండిపోయింది. పనివాళ్ల కోసం మనకో నెలపత్రిక ఉంది. దానికి నాలుగు పేజీలు రాసుకురా. నీ తెలుగులోనే రాయి, తర్జుమా మేం చూసుకుంటాం. తెస్తే ఆగస్టులో మళ్లీ సెలవిస్తా. తేకపోతే అడగనే అడగకు."

ఆగస్టులో యోసేపు భార్య ఏసమ్మకు కాన్పు. అంతకు ముందు పుట్టిన బిడ్డ రెండు రోజులే బతికింది. యోసేపు దాని మొహం కూడా చూడలేదు. "ఈసారి నువ్వు లేకుంటే నేను కననే కనను" అని ఏసమ్మ తేల్చి చెప్పేసింది.

యోసేపు కాగితం ముందు కూర్చున్నాడు. రాయడం రాక కాదు. వాడకట్టులో అందరి అర్జీలూ అతనే రాసేవాడు. అసలు చిక్కు అదే. మా దిక్కున కాగితం మీద సిరా పెట్టడమంటే సంస్థానానికి అర్జీ పెట్టుకోవడమే, ఇంకో రకం రాత ఉందని ఎవరికీ తెలియదు. "మహారాజశ్రీ సాహెబు గారి దివ్యసముఖమునకు, పాదధూళియైన యోసేపు మోకరిల్లి చేయు విన్నపములు" అని మొదలైంది. మూడు పేజీల పొగడ్తలయ్యాక చిట్టచివర, "కావున బోల్టులను తగుమాత్రము బిగించి మమ్ము కాపాడవలయునని ప్రార్థన" అని తేలింది. చింపాడు. మళ్లీ రాశాడు. మళ్లీ మోకరిల్లాడు.

పన్నెండు రోజులు గడిచాయి. దానికి తోడు పొద్దున లేస్తే బాగుచేయమని ఒకరు గడియారం తెచ్చేవారు, ఒకరు కుట్టుమిషను తెచ్చేవారు. పదమూడో రోజు ఏసమ్మ మొగుణ్ని జొన్నలు నిలవచేసే గుమ్ములున్న లోపలి గదిలోకి తోసి బయట గొళ్లెం పెట్టింది.

కిటికీ లేని గది. తలుపు సందులోంచి పడే వెలుగులో కాగితం, కాళ్ల కింద పురుగులు. బయట ఎండ మండిపోతోంది. లోపల యోసేపు చెమట కారుస్తూ, రెండు చేతులూ గాలిలో తిప్పుతూ లేని బోల్టులు బిగిస్తున్నాడు. చేతులకు అన్నీ తెలుసు. కలానికి ఒక్క ముక్క తెలియదు.

అంతలో రైతు తిరుపతయ్య గ్యాసులైటు పట్టుకొచ్చాడు.

"ఏందే ఏసమ్మా, యోసేపు లేడా?"

"లింగాల ఊరికి పోయిండు పటేలా. ఎప్పుడొస్తడో తెల్వదు."

"పరేషానొచ్చె గదనే! రేపు పెండ్లికి లైటు గావాలె. ఎంత గాలి గొట్టినా నిలుస్తలేదు. దీని నూనె బుడ్డి పగిలినట్టుంది."

తప్పు మాట వింటే పనివాడు ఊరుకోలేడు. గుమ్ముల వెనక నుంచి గొంతు పలికింది: "బుడ్డి గాదు పటేలా! లోపలి తోలు ఎండింది. గాలి గొట్టే గొట్టం తిప్పి బయటికి గుంజు, తోలుకు ఆముదం రాసి మల్ల పెట్టు!"

తిరుపతయ్య తలుపు వంక చూశాడు. "లింగాల జర దగ్గరికే వచ్చినట్టుందే!" ఏసమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. కానీ తిరుపతయ్య ఆ గొంతు చెప్పినట్టే చేశాడు. గాలి నిలిచింది. నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఏసమ్మ తలుపు దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఏమయ్యా, పటేలుకు సక్కగ చెప్తివి గద. నాకు గట్లనే చెప్పు. మూత పెట్టినంక ముందుగాల ఏం జేస్తవు?"

"నడుమ బోల్టుకాడ మొదలుపెడ్త. గిట్ల, గిట్ల..."

"గిట్ల అంటే ఎట్ల? తలుపుంది. నాకు కానొస్తలేదు."

"నడుమది జరంత. మల్ల దాని ఎదురుది జరంత. గట్ల బయటికి పోవాలె. ఒక్కదాన్నే పూర్తిగ బిగియ్యొద్దు."

"ఆఖరుకు ఎంత బిగిస్తవు?"

"గింత."

"గింత అంటే నా తలకాయా? నోటితోటి చెప్పు!"

యోసేపు తలుపు దగ్గరికి జరిగాడు. తర్వాత మెల్లగా, "నువ్వు తడిబట్ట పిండుతవు గద. ఆఖరు చుక్క పడ్డంక ఇంక పిండితే ఏమైతది?"

"పోగు తెగుతది."

"గదే. గాడ ఆగాలె."

"మరి గది రాయి!"

రాశాడు. చేతులు చూపే వీలు లేదు కాబట్టి మాటే పని చేయాల్సి వచ్చింది. సాయంత్రానికి నాలుగు పేజీలు తలుపు కింది సందులోంచి బయటికొచ్చాయి. కంగారులో "నాకు కానొస్తలేదు, నోటితోటి చెప్పు" అన్న ఏసమ్మ మాటలు కూడా రాసేశాడు. తీసేద్దామంటే తిరిగి రాసే పొద్దు లేదు, తెల్లారితే బండెక్కాలి. సాహెబు వాటిని ఉంచమన్నాడట. చదివేవాడు సరిగ్గా అక్కడే అడుగుతాడని.

ఆగస్టులో యోసేపు మిట్టమధ్యాహ్నం ఇల్లు చేరాడు. సంచిలో తన పేరు అచ్చయిన పత్రిక ఉంది. గేర్ల మీద ఇంకో నాలుగు పేజీలు రాసుకురమ్మన్న హుకుం కూడా ఉంది. జొన్నల గది తలుపు మూసి ఉంది. లోపల ఆడవాళ్ల గొంతులు. ఈసారి గొళ్లెం లోపలివైపు పడింది.

యోసేపు గడప ముందు కూలబడ్డాడు. "ఏసమ్మా! ఏమైతుంది? నాకు కానొస్తలేదు!"

మూలుగుల మధ్య నుంచి జవాబొచ్చింది. "నోటితోటి చెప్పనీకి గిది బోల్టా? గాడ్నే కూసో!"

కూర్చున్నాడు. చేతులు రెండూ గాలిలో ఊరికే తిరుగుతున్నాయి. పొద్దు వాలుతుండగా లోపల బిడ్డ గట్టిగా ఏడ్చింది. ఆ తర్వాత ఎవరో గొళ్లెం తీశారు.