రజితకు నేను చెప్పని జవాబు

నిన్న పొద్దున ఫోన్ తెరిస్తే మా కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్ వాట్సాప్ గ్రూప్‌లో రజిత ఫోటో. ఫోటోకు దండ.

ఎవరో పొరపాటున పెట్టారనుకున్నాను.

కింద మెసేజ్‌లు చదివాను. సెలవుకు ఇంటికి పోయిందట. జడ్చర్ల రోడ్డు మీద ఆమె స్కూటీని లారీ గుద్దింది. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల.



మా చుట్టాలకు, మన చర్చి సంఘంలో వాళ్లకు రజిత ఎవరో తెలియదు. అందుకే రాస్తున్నాను.

మా అక్క నాకు కిడ్నీ ఇచ్చిన సంగతి మీ అందరికీ తెలుసు. ఆపరేషన్ తర్వాత నేను చెకప్‌కు వెళ్లే హైదరాబాద్ దవాఖానలో రజిత క్లినికల్ ఫార్మసిస్ట్. పాలమూరు పిల్ల. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కిడ్నీ మార్చుకున్నవాళ్లు ఏయే మందులు వేసుకుంటున్నారు, వాటిలో ఏవి వాళ్లకు చెరుపు చేస్తున్నాయి అని రీసెర్చ్ చేసేది.

డాక్టర్ రాసినవి చీటీలో ఉంటాయి. ఆమెకు కావలసింది చీటీలో లేనివి.

"ఇంట్ల ఉన్న గోలీలన్నీ సంచిల వేస్కొని రాండ్రి" అనేది. వరండాలో బల్ల మీద తువ్వాల పరిచి, అన్నీ గుమ్మరించి, ఒక్కొక్కటి తీసి అడిగేది.

ఒకసారి దేవరకొండ వైపు నుంచి వచ్చిన గొర్రెల కాపరి తాత సంచిలో బొటనవేలంత గోలీ కనబడింది.

"తాతా, ఇది నీదా, గొర్రెదా?"

"గొర్రెదే బిడ్డా. అది మంచిగనే ఉన్నది. నాకే బాగైతలేదు."

వరండా అంతా నవ్వింది. రజిత కూడా నవ్వింది. తర్వాత తాతను పక్కకు తీసుకెళ్లి, నువ్వు కూడా మింగినవా అని మెల్లగా అడిగింది. మింగాడట. ఆ మాట అప్పటిదాకా ఏ డాక్టర్‌కూ చెప్పలేదట.

గ్రూప్‌లో ఎవరైనా ఆకుల కషాయం గురించి పెడితే వెంటనే రిప్లై వచ్చేది. "పెద్దనాయినా, నీ కిడ్నీ కొత్తది, కషాయం పాతది. రెండింటికి పడదు."

ఎవరినీ కోప్పడేది కాదు. అందుకే అందరూ ఆమెకు నిజం చెప్పేవారు.

నేను తప్ప.

నా మోకాళ్ల నొప్పులు మీకు తెలుసు. చిన్నప్పుడు మా ఊళ్లో తాగిన ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చినవి. నొప్పి గోలీలు వేసుకుంటే కొత్త కిడ్నీ దెబ్బతింటుందని రజితే నాకు పదిసార్లు చెప్పింది.

కానీ మోకరించకుండా ప్రార్థన చేయడం నాకు చేతకాలేదు. కుర్చీలో కూర్చుని ప్రభువుతో మాట్లాడటం మర్యాద కాదనిపించేది. ఆ నొప్పి గోలీలే మందుల షాపులో అడిగి తెచ్చుకునేదాన్ని. నొప్పి ఎక్కువున్న రోజు ప్రార్థనకు ముందు ఒకటి.

దేవుని కోసమే కదా, ఏం కాదు అనుకున్నాను.

కిడ్నీ సరిగా పనిచేయట్లేదని చూపే క్రియాటినిన్ రక్తంలో పెరిగింది. డాక్టర్లకు అంతు చిక్కలేదు. మళ్లీ మళ్లీ రక్త పరీక్షలు, మందుల డోసు మార్చడం, చివరికి బయాప్సీ. అందులోనూ తేలలేదు.

అప్పుడు రజిత బస్సెక్కి నల్గొండలో మా ఇంటికి వచ్చింది. దవాఖానకు ఎవరైనా చూపించదలుచుకున్న గోలీలే తెస్తారని ఆమెకు తెలుసు. నన్ను అడిగి ఫ్రిజ్ మీద, దిండు కింద, పోపుల డబ్బా వెనక, అన్నీ చూసింది.

బల్ల మీద నా బైబిల్ ఉంది. జిప్పు కవర్‌లో. గోలీల షీట్ ఆ కవర్‌లోనే ఉంది.

రజిత బైబిల్‌ను రెండు చేతులతో తీసింది. కళ్లకు అద్దుకుంది. జాగ్రత్తగా పక్కన పెట్టి, దాని కింద చూసింది.

"ఇంకేడనన్న ఉన్నయా పెద్దమ్మా?"

"లేవు బిడ్డా."

తర్వాతి చెకప్‌లో, నేను చాటుగా ఏమైనా వేసుకుంటున్నానా అని పెద్ద డాక్టర్ ఆమెను గట్టిగా అడుగుతుంటే తలుపు బయట విన్నాను.

"ఆమె అబద్ధం ఆడది సార్. ప్రార్థన చేసే మనిషి" అన్నది రజిత.

రీసెర్చ్ కోసం నింపే నా ఫారంలో నొప్పి గోలీల దగ్గర 'లేదు' అని రాసింది.

పోయిన వారం ఫోన్ చేసింది. స్టడీ రాయడం అయిపోవచ్చిందట. "అందరిది తెలిసింది పెద్దమ్మా, నీ ఒక్కదానిదే సమజైతలేదు. ఇంకోసారి అడుగుత, జర యాది చేసుకొని చెప్తవా?"

నిజం నోటిదాకా వచ్చింది.

ప్రార్థన టైమైంది, రేపు నేనే చేస్తాను అన్నాను.

ప్రార్థన టైం కాలేదు. మరునాడు ఫోన్ చేయలేదు.

నాలాగే మోకాళ్ల నొప్పితో వచ్చే ఇంకో మనిషికి పనికొస్తుందని ఆ పిల్ల ఊరూరా తిరిగి రాసుకుంది. అందులో నేను అబద్ధం కలిపాను.

నిన్న సాయంత్రం అక్కకు చెప్పాను. నాలో ఉన్నది అక్క కిడ్నీ. అంతా విని అక్క ఒక్కటే అడిగింది.

"కూసొని ప్రార్థన చేస్తె దేవుడు ఇనడానె?"



మీలో ఇద్దరు ముగ్గురికి ఆ నొప్పి గోలీలు నా చేతులతోనే ఇచ్చాను. దయచేసి డాక్టర్‌ను అడగకుండా వేసుకోకండి.

ఇవాళ పొద్దున రజితతో పనిచేసే సార్‌కు ఫోన్ చేశాను. ఆయన నా ఫారం తెరిచి, రజిత రాసిపెట్టిన ప్రశ్నలు వరుసగా చదివారు. ఏ గోలీ, వారానికి ఎన్ని, ఎన్నాళ్ల నుంచి. అన్నిటికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. 'లేదు' అన్న మాట కొట్టేశానమ్మా అన్నారు. రేపే పరీక్షకు రమ్మన్నారు.

రజితా, ప్రశ్నలు నీవే. అడిగిన గొంతు నీది కాదు.

నీకు చెప్పవలసింది. క్షమించు బిడ్డా.

ప్రభువు నీకు నెమ్మది ఇవ్వాలి. నిన్ను కన్నవాళ్లకు ఓర్పు ఇవ్వాలి.