మేలే అంటే బాగుందనుకున్నాను

ఈ సంగతి మీ పత్రికకు రెండుసార్లు రాసినా వేయలేదు. ఇది మూడోసారి.

పోయిన ఏడు ధర్మవరంలో మా ఇంటికి, పైనుంచి బట్టలు వేసే ఉతికే మిషను హిందూపురం కొట్టులో కొన్నాము. బిగించడానికి వచ్చిన కన్నడ మెకానిక్ నీళ్లు బయటికి పోయే గొట్టం చూపించి, "పైపు మేలే, మేలే" అన్నాడు. బాగుందంటున్నాడనుకుని గొట్టాన్ని నేలమీదే వదిలేశాను. పోసిన నీళ్లన్నీ దాంట్లోంచి పారి, మగ్గం పక్కనున్న పట్టు పడుగు దారాలను తడిపేశాయి. నాయన నెలరోజుల కష్టం రంగులు కలిసి పాడైంది.

"ఏమప్పా, ఇది గుడ్డలుతికే మిషనా, మగ్గం ముంచే మిషనా?" అంది అవ్వ.

కొట్టుకు పోయి నిలదీస్తే యజమాని పగలబడి నవ్వాడు. "మేలే అంటే పైన అని గదప్పా! గొట్టం పైకి కట్టమన్నాడు. ఆ మాత్రం కన్నడం రాదా నీకు?"

రాదు. తెలుగువాళ్ల ఇంటికి వచ్చి తెలుగులో చెప్పకపోవడం ఎవరి తప్పు? ఈసారైనా మీరు ఈ ఉత్తరం వేస్తే, దానికి ఆ యజమాని జవాబు చెప్పాలి.