తాళం వేసినోడే తియ్యాలె

లోకంలో అందరూ తలుపులకు తాళాలు వేస్తారు. జహీరాబాద్‌లో వీరప్ప మాత్రం స్విచ్చులకు వేస్తాడు. ఇంటి తలుపు బార్లా తెరిచి బజారుకు పోతాడు గానీ, మిక్సీ కడిగేటప్పుడు దాని స్విచ్చుకు తాళం పడకపోతే ఆయనకు ముద్ద దిగదు.

ఇది ఉద్యోగం అంటించిన అలవాటు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసే విభాగంలో పనిచేసి రిటైరయ్యాడాయన. అక్కడొక పద్ధతి ఉండేది. మిషన్ మీద చెయ్యి పెట్టబోయే మనిషి ముందు స్విచ్ ఆపాలి, తన పేరున్న ఎర్ర తాళం వేయాలి, పక్కన ఒక బోర్డు తగిలించాలి. తాళంచెవి తన దగ్గరే ఉంచుకుని, పనయ్యాక తనే తీయాలి. మంచి పద్ధతే, ఎన్నో చేతులను కాపాడింది. కాకపోతే మిగతావాళ్ళు దాన్ని ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలేసి ఇంటికి పోయేవారు. వీరప్ప మొలతాడుకు కట్టుకుని తెచ్చుకున్నాడు.

ఇంట్లో ప్రతి స్విచ్ బోర్డుకూ రేకు మూత, మూతకు గొళ్ళెం, గొళ్ళేనికి తాళం. తగిలించే బోర్డు మీద ఎర్ర రంగుతో ఆయన స్వహస్తాలతో రాసిన అక్షరాలు: "పని జరుగుతున్నది. స్విచ్ వేయరాదు."

కోడలు నాగరాణి ఆ బోర్డును మొదటిసారి చూసింది పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజునే. కొత్త దంపతుల గదిలో పెళ్ళికొడుకు వికాస్ స్నేహితులు ఫ్యానుకు పూలదండలు కడుతున్నారని మామగారు స్విచ్చుకు తాళం వేసి, గది తలుపు పక్కనే బోర్డు తగిలించి, ఆ సంగతి మరిచి డాబా మీద నిద్రపోయాడు. రాత్రి ఆ బోర్డు చదివిన చుట్టాలు వారం దాకా నవ్వుతూనే ఉన్నారు. నాగరాణి మాత్రం ఇదేదో ఈ ఇంటి ఆచారం కాబోలనుకుని, బోర్డుకు కుంకుమ బొట్టు పెట్టింది. ఆ బొట్టు ఇప్పటికీ ఉంది.

ఇంకోసారి వీరప్ప ఇంటి మెయిన్ ఆపి, తాళం వేసి, మీటరు దగ్గర బూజు దులిపాడు. దులుపుతూ దులుపుతూ కోహీర్‌లో చుట్టాల పసిపాప తొట్టెల ఫంక్షన్ గుర్తొచ్చి బస్సెక్కేశాడు. ఇంట్లో కరెంటు లేదు. వికాస్ ఫోన్ చేశాడు.

"బాపూ, తాళం పలగ్గొడుత."

"వద్దు. తాళం వేసినోడే తియ్యాలె."

"వేసినోడు కోహీర్ల ఉన్నడు గద."

"వస్తున్నడు. ఫికర్ జెయ్యకు."

చెరుకు లారీ ఎక్కి వచ్చాడు, తాళం తీశాడు, నీళ్ళైనా తాగకుండా మళ్ళీ కోహీర్ పోయాడు. తాను పోయేసరికి భోజనాల ఆఖరి బంతి ఇంకా లేవలేదని తర్వాత ఎంతోమందికి గర్వంగా చెప్పుకున్నాడు.

అటువంటి ఇంట్లో, రోడ్డు వైపున్న దుకాణం గదిలో, అంటే మడిగెలో, నాగరాణి బ్యూటీ పార్లర్ పెట్టింది. ఎంత ఆశతో పెట్టిందో చెప్పలేం. అద్దాలు, కుర్చీలు, షట్టర్‌కు లోపల దళసరి ప్లాస్టిక్ పరదా, అన్నిటికన్నా ముఖ్యంగా ఏసీ. ఎండాకాలం జహీరాబాద్‌లో ఏసీ లేకుండా పెళ్ళికూతురికి మేకప్ వేయడమంటే ఎండలో ముగ్గేసి వానకు అప్పజెప్పినట్టే.

ఏసీ బిగించడానికి యాకోబు వచ్చాడు. లోపలి డబ్బా గోడకెక్కింది. బయటి డబ్బా ఇంటి పక్క సందులోకి పోయింది. అప్పుడు వీరప్ప అడిగాడు.

"యాకోబూ, బయటి మిషన్‌కు స్విచ్ ఏది?"

"లోపలుంది గద పెద్దనాయినా."

"నువ్వు బయట రిపేర్ జేస్తుంటవు. లోపల ఎవరో వచ్చి స్విచ్ వేస్తరు. అప్పుడు?"

"వెయ్యొద్దని చెప్పి పోత."

"విననోళ్ళుంటరు."

"మీ ఇంట్ల మీ మాట విననోళ్ళెవరున్నరు?"

వీరప్ప హైదరాబాద్ నుంచి ఒక బూడిదరంగు డబ్బా తెప్పించాడు. వాన పడ్డా నీళ్ళు పోని డబ్బా, తిప్పితే బయటి మిషన్‌కు మాత్రం కరెంటు ఆపే పిడి, పిడికి తాళం పట్టే కన్నం. దాని పేరు ఐసోలేటర్. సందులో ఏసీ పక్కన గోడకు దాన్ని బిగించేదాకా యాకోబును కదలనివ్వలేదు. ఊళ్ళో ఇంకెవరింట్లోనూ అట్లాంటిది లేకపోవడంతో యాకోబు దానికి వీరప్ప డబ్బా అని పేరు పెట్టాడు. ఆ పేరే నిలిచింది.

కష్టాలు మే నెలలో మొదలయ్యాయి. పొద్దున చక్కగా చల్లబరిచే ఏసీ మధ్యాహ్నం భోజనాల తర్వాత చల్లబరచడం మానేసేది. లోపల గాలి వస్తూనే ఉండేది గానీ, అది పెనం మీదుగా వచ్చిన గాలి. నాలుగింటికి మళ్ళీ దానంతటదే బాగయ్యేది. నాగరాణి పిలిచినప్పుడల్లా యాకోబు సాయంత్రం తీరిగ్గా వచ్చేవాడు.

"మంచిగనే ఉన్నది గదక్కా."

"ఇప్పుడు మంచిగుంటది. పగటిపూట పండుకుంటది."

"ఏసీ పండుకునుడేంది?"

పక్కనే నిలబడ్డ వీరప్ప ఆకాశం వైపు చూసేవాడు.

ఒక మధ్యాహ్నం నాగరాణి అనుమానం వచ్చి సందులో తొంగిచూసింది. వీరప్ప డబ్బాకు ఎర్ర తాళం వేలాడుతోంది. పక్కన బొట్టు బోర్డు.

"మామా, గిదేంది?"

"చెకింగ్."

"రోజూనా?"

"మిషన్ గద బిడ్డా. జర ఆరాం ఉండాలె."

నాగరాణికి ఒళ్ళు మండింది. కరెంటు బిల్లుకు భయపడి ముసలాయన నాటకమాడుతున్నాడని తేల్చుకుంది. రాత్రి భర్త దగ్గర పంచాయతీ పెట్టింది. వికాస్ ధైర్యవంతుడే, కానీ తండ్రి తాళాల విషయంలో కాదు.

"నేను ఆ తాళం జోలికి రాను. చిన్నప్పుడు నా సైకిల్ డైనమోకు గూడ తాళమేసిండు. ఏండ్లకేండ్లు చీకట్ల తొక్కిన."

సరిగ్గా అప్పుడే కోహీర్ పెళ్ళికూతురు కావ్య బేరం వచ్చింది. పార్లర్‌కు మొట్టమొదటి పెళ్ళికూతురు. సాయంత్రం జహీరాబాద్ ఫంక్షన్ హాల్లో పెళ్ళి, మధ్యాహ్నం మేకప్. వెంట వచ్చేది కావ్య పెద్దమ్మ శివమ్మ. శివమ్మ మెచ్చుకుంటే కోహీర్ మెచ్చుకున్నట్టు, మూతి విరిస్తే చుట్టుపక్కల ఊళ్ళన్నీ విరిచినట్టు. ఈ ఒక్క ముఖం సరిగ్గా కుదిరితే పెళ్ళిళ్ళ కాలమంతా పార్లర్ నిండుతుంది. చెడితే షట్టర్ దించి, కుర్చీలు అమ్ముకోవడమే. ఈ సంగతి నాగరాణి మామగారికి విడమరిచి చెప్పింది, బతిమాలింది.

"ఆ ఒక్క దినం తాళం వెయ్యకున్రి మామా."

వీరప్ప తల గోక్కున్నాడు.

"చూస్త బిడ్డా."

ఆ రోజు రానే వచ్చింది. కావ్య కుర్చీలో కూర్చుంది. శివమ్మ ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుంది, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా. నాగరాణి ముఖానికి పూత పూసింది, ఒక కన్నుకు కాటుక దిద్దింది. రెండో కన్ను దగ్గరికి వచ్చేసరికి గాలి మారింది. కావ్య నుదుటి మీద ఒక చుక్క పుట్టింది. అది మెల్లగా కనుబొమ్మ దాకా వచ్చి, దిద్దిన రంగును వెంటబెట్టుకుని కిందికి బయల్దేరింది.

శివమ్మ నోరు తెరిచింది. "ఏమమ్మా, గిది పార్లరా, ఇటుక బట్టీనా?"

నాగరాణి చేతిలో కుంచెతోనే సందులోకి పరుగెత్తింది. వెనకాలే నగలు గలగలమంటూ ఒంటికన్ను కాటుకతో పెళ్ళికూతురు, ఆమె వెనక తిట్లు సిద్ధం చేసుకుంటూ శివమ్మ.

సందులో వీరప్ప స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. డబ్బాకు తాళం, తాళం పక్కన బోర్డు. నాగరాణిని చూడగానే ఆయన ముఖం పాలిపోయింది, వేలు పెదాల మీదికి పోయింది.

"మెల్లగ."

"ఏం మెల్లగ మామా. నా బతుకు కారిపోతున్నది ఆ పిల్ల మొఖం మీదికెల్లి. ఏం పని జరుగుతున్నదిక్కడ? చూపెట్టున్రి."

వీరప్ప వేలు పెట్టి చూపించాడు. ఏసీ ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, పక్కింటి బీరమ్మ కిటికీ. లోపల నులక మంచం మీద బీరమ్మ గాఢంగా నిద్రపోతోంది.

"నిద్ర," అన్నాడు వీరప్ప. "గదే పని."

నాగరాణి కుంచె కిందికి దిగింది. బీరమ్మ రోజూ కోడి కూయకముందే లేచి అల్లం బస్తాల దగ్గరికి పోతుంది, మధ్యాహ్నం దాకా అంగట్లో కూర్చుంటుంది. ఇంటికొచ్చి జొన్నరొట్టె తిని ఇంత కునుకు తీస్తేనే మళ్ళీ సాయంత్రం బేరానికి నిలబడగలదు. ఆ ఒంటిగదికి ఉన్నది ఆ ఒక్క కిటికీ. ఏసీ ఊదే వేడిగాలి అంతా నేరుగా ఆ కిటికీలోకే పోతుంది.

"నాకెందుకు చెప్పలే మామా?"

"బీరమ్మక్కనే వద్దన్నది. కొత్తగ దుకాణం పెట్టుకున్న పిల్ల, నా నిద్రకోసం మిషన్ బంద్ జేస్తే గిరాకి పోతది, నేను చెట్టు కింద పండుకుంట అన్నది. నీకు చెప్పనని ఒట్టు పెట్టించుకున్నది. గందుకే చెకింగ్ అన్న. ఎట్లయినా నాకు పిచ్చోడన్న పేరుంది గద బిడ్డా. ఇంకింత అయితే ఏమైతది?"

నాగరాణికి మామగారి మీద ఇన్నాళ్ళ కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఏడుపు రాబోయింది. కానీ కావ్య చెంప మీద ఇంకో చుక్క బయల్దేరింది, ఏడవడానికి టైం లేదు.

"పెద్దమ్మను మడిగెల పండబెడితే అయిపాయె గద. ఏసీ కింద."

వీరప్ప కంగారుపడ్డాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నో మిషన్లు విప్పినవాడికి ఈ ఒక్క ముక్క తట్టలేదు.

"లేపుడు వద్దు బిడ్డా. ఇప్పుడే పండుకున్నది."

"లేపుడెందుకు? మంచం తోని తీస్కపోదాం."

"మనిద్దరం నాలుగు మంచంకోళ్ళు ఎట్ల పడుతం?"

తిట్లు సిద్ధం చేసుకుని వచ్చిన శివమ్మ కొంగు నడుముకు దోపింది. "మా ఆయన రాత్రి డ్యూటీ జేసేటోడు. పగటి నిద్ర విలువ నాకెరుక. నాకొక కోడు ఇయ్యి. కావ్యా, నువ్వొకటి పట్టు. గాజులు సప్పుడు జెయ్యకు."

బీరమ్మ ఎండిన అల్లం కొమ్ములా బక్కగా ఉంటుంది కాబట్టి సరిపోయింది. నలుగురూ నాలుగు కోళ్ళు పట్టి మంచాన్ని ఇంట్లోంచి తీసి, సందు దాటించి, రోడ్డు మీదికి వచ్చారు. ముందు ఒంటికన్ను కాటుకతో పెళ్ళికూతురు, పక్కన పట్టుచీరలో శివమ్మ. మంచం మీద, ఎండ తగలకుండా నిండా దుప్పటి కప్పిన మనిషి. బస్టాండ్ వైపు పోతున్న ఆటో టక్కున ఆగింది. డ్రైవర్ దిగి దండం పెట్టాడు.

"ఎప్పుడు పోయింది పాపం?"

"ఇప్పుడే పండుకున్నది. మెల్లగ మాట్లాడు," అన్నాడు వీరప్ప.

మంచం షట్టర్ కిందుగా మడిగెలోకి చేరింది. వీరప్ప సందులోకి ఉరికి, మొలతాడు లాగి, తాళం తీశాడు. వేసినవాడే తీశాడు. చల్లగాలి మొదలైంది. నాగరాణి చెయ్యి మళ్ళీ నిలకడగా ఆడింది. రెండో కన్ను మొదటి కన్నుకన్నా బాగా కుదిరింది.

ఆఖరి పూలజడ కూడా అయ్యాక బీరమ్మ కళ్ళు తెరిచింది. మే నెలలో చలి వేస్తోంది. ఎదురుగా ఒంటినిండా బంగారంతో, వెలిగిపోతున్న ముఖంతో ఎవరో నిలబడి నవ్వుతున్నారు.

"సచ్చిపోయిన్నా నేను?"

"లేదక్కా," అన్నాడు వీరప్ప పరదా అవతలి నుంచి. "ఏసీల ఉన్నవ్."

"మరి గీ అమ్మవారెవరు?"

శివమ్మ ఈ మాట విన్నది. అంతే, ఇంక ప్రచారానికి వేరే మనిషి అక్కర్లేకపోయింది. కోహీర్ నుంచి చిరాగ్‌పల్లి దాకా, నాగరాణి మేకప్ వేస్తే మనిషిని చూసి బీరమ్మ దండం పెట్టిందని చెప్పింది. ఆ నెలంతా పార్లర్‌లో కుర్చీ ఖాళీగా లేదు.

పెళ్ళిళ్ళ కాలం దాటాక యాకోబు వచ్చి బయటి మిషన్‌ను, దాంతోపాటు వీరప్ప డబ్బానూ డాబా మీదికి ఎక్కించాడు. బీరమ్మ కిటికీకి వేడిగాలి తప్పింది. కానీ బీరమ్మ వింటేనా? ఏసీ లేనిదే నిద్ర పడతలేదని రోజూ మధ్యాహ్నం పార్లర్‌కే వస్తుంది. మూల కుర్చీలో ఆమె గురక విని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు.

"ఆ పెద్దమ్మకు ఏం జేస్తున్నరు?"

"ఫేషియల్," అంటుంది నాగరాణి.

వీరప్ప ఒక రోజు పొట్లం ఒకటి తెచ్చి కోడలి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. విప్పి చూస్తే కొత్త ఎర్ర తాళం. దాని మీద తెల్లరంగుతో, వంకర అక్షరాలతో "నాగరాణి" అని రాసి ఉంది. ఆమె దాన్ని చాలాసేపు అరచేతిలో తూచి చూసుకుంది.

మొన్న ఒక అమ్మాయి తల ఆరబెట్టుకోవడానికి డ్రయ్యర్ స్విచ్ వేయబోయి ఆగిపోయింది. స్విచ్చుకు ఎర్ర తాళం ఉంది, పక్కన బొట్టు పెట్టిన బోర్డు.

"ఏం పని జరుగుతున్నదక్కా?"

నాగరాణి మూలనున్న కుర్చీ వైపు చూపించి, గొంతు తగ్గించింది. "నాలుగు కానియ్యి. నేనే తీస్త."