షకీలా విప్పిన నాలుగో ప్లగ్గు

అది 2018 డిసెంబరు ముప్పయ్యవ తేదీ, ఆదివారం. పటాన్‌చెరు మీద పరచుకున్న మంచు, పాశమైలారం వైపు నుంచి వచ్చే మందుల ఘాటును తనలో కలుపుకొని, చాలా పొద్దెక్కేదాకా మా వీధిని విడువలేదు. ఎదురింటి షకీలా డీజిల్ కారు ఎంత సెల్ఫ్ కొట్టినా దగ్గి, తెల్లని పొగ వదలి, ఊరుకున్నది.

ఆ కారే ఆమె జీవనాధారం. పాశమైలారంలోని ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేసే అమ్మాయిలను ఉదయపు షిఫ్టుకు ఆమే స్వయంగా చేరవేసేది. చలి మొదలైనప్పటి నుంచి ఆలస్యాలు. సోమవారం కూడా ఆలస్యమైతే వేరే బండి పెట్టుకుంటామని కంపెనీ వారు తేల్చి చెప్పారు.

చలివేళ ఇంజను లోపలిని వేడిచేసే చిన్న కడ్డీలు మాడిపోయాయట. ఇక్కడివారు వాటిని హీటర్ ప్లగ్గులంటారు. ఉద్యోగమంతా తెలుగు చెప్పినవాణ్ణి గనుక ఊరుకోలేక, "తాపశలాక అంటే ఎలా ఉంటుందమ్మా?" అన్నాను. షకీలా మర్యాదగా విని, "దుకాణంల గట్లడిగితే అగర్‌బత్తీ ఇస్తరు సార్" అన్నది.

మెకానిక్కు వాటిని విప్పనన్నాడు. పాత బండి, తుప్పుకు అతుక్కున్న ప్లగ్గు విరిగి లోపల ఉండిపోతే ఇంజను హెడ్డు దించాలి, కారు రోజుల తరబడి షెడ్డులో పడుకోవాలి. అందుకే ఆమె ముందునాడే ప్లగ్గుల మొదళ్లలో తుప్పు వదిలించే నూనె పోసి, తానే పానా పట్టింది. మధ్యాహ్నపు ఎండకు ఇంజను ఎట్టకేలకు అందుకుంది. వేడికి పట్టు సడలుతుందని కాసేపు నడిపి, ఆపింది.

మూడు ప్లగ్గులు తేలికగానే వచ్చాయి. నాలుగోది కదలలేదు.

"జోర్ పెట్టు! రొట్టెలపిండి పిసుకుతున్నవా?" అన్నాడు గోడమీద కూర్చున్న భర్త ఖదీర్.

"నువ్వు జెర నోరు మూస్తే పిండి గూడ మంచిగొస్తది."

ఆమె పొడుగు పిడి పానాను పక్కన పెట్టి పొట్టిది తీసుకున్నది. కళ్లు మూసుకున్నది. ప్లగ్గు వెంట్రుకవాసి తిరిగి బిగుసుకున్నది. వెంటనే ఆమె దానిని తిరిగి లోపలికి బిగించింది! నేను నివ్వెరపోయాను. మళ్లీ నూనె చుక్క, మళ్లీ కొంచెం బయటికి, మళ్లీ లోపలికి.

"ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తున్నదమ్మా?"

"మాది సంగారెడ్డిల గాజుల దుకాణం సార్. అమ్మీతోని కూసొని పెండ్లిపిల్లలకు ఎక్కించిన. గాజు పగిలే ముందు జెర బిగుసుకుంటది, చేతికి ఎరుకైతది. గప్పుడు జోర్ పెట్టొద్దు, ఎనకకు తియ్యాలె. ఇది గూడ గంతే."

మా పెద్దక్క పెళ్లినాడు అక్క పిడికిలి గాజులమ్మే ఆమె చేతిలో మైనమై ముడుచుకోవడం చూశాను. అది కేవలం నేర్పనుకున్నాను. కనబడని ఇనుము లోపలి బాధను కూడా అదే స్పర్శ ఆలకించగలదని నాకు స్ఫురించనే లేదు. గుడిలో నిలుచున్నట్టు చేతులు కట్టుకొని నిలుచున్నాను.

కిర్రుమని ఒక చప్పుడు. ప్లగ్గు బయటికి వచ్చింది, చెక్కు చెదరకుండా. ఖదీర్ గోడ దిగి ఆమెకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. కొని ఉంచిన కొత్తవాటిని ఆమె ముందు వేళ్లతోనే తిప్పి, పిదప పానాతో మితంగా బిగించింది.

సోమవారం తెల్లవారుజామున మంచు మరింత దట్టమైంది. మంకీ టోపీతో గేటు దగ్గర నిలబడ్డాను. షకీలా తాళం తిప్పి, ఎదుట వెలిగిన చిన్న దీపం, ప్లగ్గులు వేడెక్కి, ఆరేదాకా ఆగి, స్టార్ట్ చేసింది. ఒక్క దెబ్బకు ఇంజను అందుకున్నది. నా వైపు చూడకుండానే మంచులోకి వెళ్లిపోయింది.

తర్వాత వారు సంగారెడ్డి దగ్గరి కంది ఊరికి ఇల్లు మారారు. నిరుడు ఆమె నుంచి ఈ ఉత్తరం వచ్చింది:

"సార్‌కు సలాం. ఫోన్ చేస్తే మీరు నా మాటలు దిద్దుతరని చిట్ఠీ రాస్తున్న. డీజిల్ బండి అమ్మేసిన. ఇప్పుడు బ్యాటరీ కారు. ల్యాబ్ పిల్లల ట్రిప్పు ఇంకా నాదే, ఒక్కనాడు గూడ తప్పలే. వాళ్లల్ల నిషిత అనే పిల్లకు బండి నేర్పిన. మొన్న ఆమె నడిపితె నేను ఎనక సీట్ల కూసున్న. ఇన్నేండ్లు గడియారం, తొవ్వ తప్ప ఏం సూడలే. పాశమైలారం రోడ్డుకు రెండు దిక్కుల గిన్ని తంగేడుపూలున్నయా సార్? మీకు ఎరుకేనా? - షకీలా"