మటన్ షాపు ముందు మా బయాలజీ మేడం

మా బయాలజీ మేడం పోయారని ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ మెట్లెక్కుతుంటే తెలిసింది. టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఎవరో ఆమె పాత ఫోటో పెట్టి, కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. చాలా రోజులుగా ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్నారు కాబట్టి ఊహించని వార్తేమీ కాదు. అయినా గోడకానుకుని కాసేపు ఏడ్చాను. తర్వాత బడికి వెళ్ళి పాఠం చెప్పాను. నేనూ బయాలజీ టీచర్నే, ప్రభుత్వ హైస్కూల్లో.

సాయంత్రం వస్తుంటే దిల్‌సుఖ్‌నగర్‌లో కరెంటు స్తంభానికి ఒక ఫ్లెక్సీ కనబడింది. మేము చదువుకున్న ప్రైవేటు బడి కట్టించింది. మేడం ఫోటో, దానికంటే పెద్దగా బడి కరస్పాండెంట్ ఫోటో, కింద "మా విద్యాసంస్థకు వెన్నెముకగా నిలిచిన ఉపాధ్యాయినికి అశ్రునివాళి" అని రాతలు. ఆ వెన్నెముకను గేటు బయటికి పంపింది ఆయనే. మేడం ఉండుంటే ఫ్లెక్సీ కింద నిలబడి, "వెన్నెముకల ఎన్ని పూసలుంటయో జర చెప్పుండ్రి సార్" అని అడిగేవారు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు నాలుగు మంచి మాటలు చెప్పి ఊరుకోవాలంటారు. మంచి మాటలు చెప్తాను. ఊరుకోను.

మేడం వాళ్ళది నల్లగొండ వైపు పల్లె. కొత్తపేటలో రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉండేవారు. బడికి నడిచే వచ్చేవారు. పదో తరగతి బయాలజీ పుస్తకంలో మేక గుండెనో గొర్రె గుండెనో తెచ్చి, కోసి, లోపల ఎలా ఉందో చూడమని ఒక ప్రయోగం ఉంటుంది. చాలా బళ్ళలో ఆ పేజీని తిప్పేస్తారు. మేడం తిప్పేవారు కాదు. మూత మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత గీసిన స్టీలు డబ్బా ఒకటి ఉండేది ఆమెకు. అది గుండెలకు మాత్రమే, అన్నానికి కాదని గుర్తు. రక్తనాళాల్లో దూర్చడానికి గొట్టాలు కావాలి కదా, బస్టాండు దగ్గర కొబ్బరిబోండాల బండివాడి దగ్గర ఒక బోండం తాగి గుప్పెడు స్ట్రాలు పట్టుకొచ్చేవారు. వాడు మొహం మాడ్చుకునేవాడు. "పిల్లల సదువు కోసం, నాకోసం కాదు" అని ఇంకో రెండు లాక్కునేవారు.

పాఠం ఎవరైనా చెప్తారు. మేడం గొప్పతనమంతా పరీక్ష పెట్టడంలో ఉండేది. మేము పుస్తకం వల్లించబోతే చెయ్యడ్డం పెట్టి, "చెప్పకు, చూపియ్యి" అనేవారు. నా వంతు వచ్చినప్పుడు ఎడమ జఠరిక గోడలు మందంగా ఉంటాయని గడగడా అప్పజెప్పి, ధీమాగా కుడి జఠరిక మీద వేలు పెట్టాను. ఎందుకంటే పుస్తకంలో బొమ్మకు ఎడమ జఠరిక మన కుడిచేతి వైపు ఉంటుంది. మేడం నా చేతిలో గుండెను వెనక్కి తిప్పి పెట్టిన సంగతి నేను గమనించనే లేదు.

"బొమ్మ యాది పెట్టుకున్నోళ్ళు గుండె తిప్పంగనే ఆగమైతరు" అన్నారు నవ్వి. "బొటనవేలుతోని ఒత్తు. రెండు దిక్కుల ఒత్తు. ఎటు గట్టిగున్నది?"

ఒత్తాను. ఒక వైపు మెత్తగా లోపలికి పోయింది. రెండో వైపు పోలేదు.

"అదే ఎడమ. ఒళ్ళంతటికి రక్తం తోలేది అదే కదా, గట్టిగుండక ఏం జేస్తది? ఇగ సచ్చేదాక మర్సిపోవు."

మర్చిపోలేదు. ఆ వేలి వల్లనే నేను బయాలజీ చదివాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. మేడం ఎవరినీ క్షమించేవారు కాదు. ఆమెలో నాకు బాగా నచ్చిన గుణం అది. స్లిప్ టెస్టులో కాపీ కొట్టిన పిల్లల మొహాలు ఆమెకు ఏళ్ళ తరబడి గుర్తుండేవి. ఒకసారి పళ్ళ బండి దగ్గర మా క్లాసువాడొకడు భార్యతో కలిసి కనబడ్డాడు. పొట్టొచ్చింది, జుట్టు ఊడింది. "నువ్వు కిడ్నీల ప్రశ్న పక్కోని పేపర్ల చూసి రాసినవ్ గదా? ఇప్పుడన్న చెప్పు. ఎడమ కిడ్నీ పైకుంటదా, కుడిది పైకుంటదా?" అని అడిగారు. వాడు కొన్న జామకాయలు బండి మీదే వదిలేసి పోయాడు. మేడం ఆ పూటంతా ఎంత సంతోషంగా ఉన్నారో!

ఇక కరస్పాండెంట్ సంగతి. పాత ఊరి భూములున్న కుటుంబం. పొలం ప్లాట్లయింది, మిగిలిన దాంట్లో బడి లేచింది. బడి కట్టడం తప్పు కాదు. మేము టెన్త్‌లో ఉన్న ఏడాది, ఇంటర్నల్ మార్కులు అందరికీ పూర్తిగా వేసెయ్యమని ఆయన మేడంతో అన్నాడు. మేమింకా క్లాసులోనే ఉన్నాం. మా ముందే.

"పరీక్ష పెట్టకుంట మార్కు ఎట్లేస్త సార్?"

"అందరేస్తున్నరు మేడం. మీ జేబుల కెళ్ళి ఇస్తున్నరా ఏంది?"

"అడిగి ఏస్త. వచ్చినోళ్ళకు పూర్తిగేస్త. రానోళ్ళకు నేర్పిచ్చి మళ్ళ అడుగుత."

ఆయన వాచీ చూసుకుని వెళ్ళిపోయాడు. ఆ శనివారం మేడం గుండె డబ్బాతో క్లాసులోకి వచ్చాక, ఇద్దరు తల్లిదండ్రులను వెంటబెట్టుకుని తలుపు తోసుకొచ్చాడు. శనివారం నాడు బడిలోకి మాంసం తెస్తారా, నేను కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి నుంచి నేరుగా వస్తున్నాను అని కేకలు వేశాడు. ఆయాను పిలిచి, మేడం నిలబడి ఉండగానే, ఆమె కాళ్ళ చుట్టూ ఫినాయిల్‌తో కడిగించాడు. మేడం చేతిలో స్ట్రా బల్ల మీద పెట్టేశారు. గుండెను డబ్బాలో పెట్టుకుని, చీర అంచు తడవకుండా పైకి పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయారు. మా అందరికీ పూర్తి మార్కులు పడ్డాయి.

తర్వాత ఈ చుట్టుపక్కల ఏ బడీ ఆమెను తీసుకోలేదు. కరస్పాండెంట్లు ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు కదా. ఎండలో వానలో ఇల్లిల్లూ తిరిగి ట్యూషన్లు చెప్పుకున్నారు. నా పెళ్ళయింది, ఉద్యోగమొచ్చింది, కానీ ఆ ఫినాయిల్ వాసన నన్ను వదల్లేదు. ఆమెను ఏ పని చేసినందుకు తరిమాడో, ఆమె బతికుండగానే ఆయన చేత్తో ఆ పని చేయించాలని మనసులో పెట్టుకున్నాను.

పోయిన చలికాలంలో అవకాశం వచ్చింది. ప్రైవేటు బళ్ళలో ఇంటర్నల్ మార్కులు సరిగ్గా వేశారో లేదో చూడ్డానికి ప్రభుత్వ టీచర్లను జట్లుగా పంపుతారు. నేను ఆఫీసులో బతిమాలి ఆ బడే వేయించుకున్నాను. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు.

కరస్పాండెంట్ శాలువా, బాదం పాలు సిద్ధంగా పెట్టాడు. "మీరు మా స్టూడెంటే గదా మేడం! మా బడి పేరు నిలబెట్టిన్రు" అన్నాడు. రికార్డులు అద్దంలా ఉన్నాయి. ప్రతి పుస్తకంలో గుండె బొమ్మ, ప్రతి బొమ్మ పక్కన టిక్కు, అందరికీ పూర్తి మార్కులు. ల్యాబ్ చూపించమంటే తాళంచెవి కోసం చాలాసేపు వెతికారు. లోపల అడ్మిషన్ల బ్యానర్లు చుట్టి పెట్టి ఉన్నాయి, ఒక మూల ప్లాస్టిక్ గుండె నమూనా కవరు కూడా విప్పకుండా ఉంది. కవరు విప్పి ఒక అమ్మాయి చేతికిచ్చాను. పాపం, నాలాగే గడగడా అప్పజెప్పింది. నమూనా వెనక్కి తిప్పి ఎడమ జఠరిక చూపించమంటే, కరస్పాండెంట్ మొహంలోకి చూసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మార్కులన్నీ కొట్టిపారేసి రిపోర్టు రాద్దామని పెన్ను తీశాను. నాతో వచ్చిన హెడ్మాస్టరు మెల్లగా, "జర ఆలోచించమ్మా. మార్కులు తగ్గితే ఏడ్చేది పిల్లలు. ఆయనకేమైతది?" అన్నారు. అది నిజమే. అందుకే సంతకం పెట్టకుండా, మళ్ళీ వస్తామని చెప్పి నేరుగా మేడం ఇంటికి వెళ్ళాను.

మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని ఉన్నారు, పక్కన ఆక్సిజన్ మిషన్. అంతా చెప్పాను. బ్యానర్ల దగ్గర నవ్వారు, అమ్మాయి దగ్గర నవ్వు ఆగిపోయింది.

"మార్కుల జోలికి పోకు. పిల్లలకు నేర్పిచ్చి మళ్ళ పరీక్ష పెట్టు" అన్నారు. కాసేపు ఊపిరి తీసుకున్నారు. "నిజం గుండెలతోని పెట్టు. ఆయన్నే తెమ్మను. మనిషిని తోలుడు కాదు, ఆయనే పోయి కొనుక్కరావాలె."

"ఏ రోజు మేడం?"

"అడుగుతవేందే? శనివారం."

నాకు ఆమె కాళ్ళు పట్టుకోవాలనిపించింది. "ఇంకోటి" అన్నారు. "నేను సూడాలె."

పిల్లల సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మీకు అదే బెంగగా ఉంటుంది. వారం పాటు సాయంత్రాలు నేనే వెళ్ళి నేర్పాను. పరీక్ష రోజు చాలామంది చూపించారు. చూపించలేనివాళ్ళ చేత మళ్ళీ ఒత్తించి, మళ్ళీ అడిగాను. అందరికీ పూర్తి మార్కులకే సంతకం పెట్టాను, ఈసారి అవి వాళ్ళ సొంత మార్కులు.

కరస్పాండెంట్ మొదట ఆయాను పంపిస్తానన్నాడు. కుదరదన్నాను. శనివారం నాకు ఒక్కపొద్దు అన్నాడు. తినమనలేదు సార్, తెమ్మన్నాను అన్నాను. అడ్మిషన్ల కాలం, రిపోర్టు పైకి పోతుందన్న భయం. ఆనాడు మేడం విషయంలో అడ్డొచ్చిన శనివారం, తన బడి దగ్గరికొచ్చేసరికి అడ్డు రాలేదు. దేవుణ్ణి నేనేమీ అనడం లేదు, ఆ మనిషినే అంటున్నాను.

ఆ శనివారం పొద్దున్నే మేడంను ఆటోలో తీసుకెళ్ళాను. ఆయన్ని రమ్మన్న మటన్ షాపుకి ఎదురుగా డ్రైవరు ఆపాడు. మంచి చీర కట్టుకున్నారు, పౌడరు కూడా వేసుకున్నారు. "ఆయనకు ఒక మాట అనాలె. వారం సంది తయారు చేసుకుంటున్న" అన్నారు. ఏ మాట అంటే చెప్పలేదు.

ఆయన వచ్చాడు. తెల్ల చొక్కా, నుదుట సింధూరం, ముక్కుకు కర్చీఫ్. కొట్టుకు బారెడు దూరంలో నిలబడి వేలితో చూపించి అడుగుతున్నాడు. మేడం నా మోచెయ్యి పట్టుకుని ఊపేస్తూ నవ్వారు, నవ్వుకు దగ్గొచ్చింది, దగ్గులోనూ నవ్వారు. నా కడుపు నిండిపోయింది. ఇంతకంటే మంచి శనివారం నా జీవితంలో లేదు.

అంతలో షాపతను ఒక గుండె తీసి మొద్దు మీద పెట్టి, కూరకు కోసినట్టు పైన నాళాలన్నీ తీసెయ్యడానికి కత్తి ఎత్తాడు. ఈయనకేం తెలుసు, చూస్తూ నిలబడ్డాడు. నా చెయ్యి విదిలించుకుని మేడం ఆటో దిగేశారు.

"భాయ్, ఆగు! పైన గొట్టాలు కొయ్యకు! అవి లేకుంటే పిల్లలకు ఏం కనబడ్తది?"

అంత గట్టి గొంతు ఆమెలో ఇంకా మిగిలి ఉందని నేననుకోలేదు. షాపతను ఆగాడు. కరస్పాండెంట్ ఇటు తిరిగాడు, గుర్తుపట్టాడు. కర్చీఫ్ ముక్కు మీంచి కిందికి జారింది. నేను వెనకాలే పరుగెత్తాను, ఆ మాట వినడానికి. ఆమె షాపతని చేతిలోంచి గుండె తీసుకుని బృహద్ధమనిలో వేలు పెట్టి చూసి, సరిగ్గానే ఉందని తలాడించి, కరస్పాండెంట్ ముందు పట్టారు.

"సార్, ఇట్ల రాండ్రి. ఇక్కడ ఒత్తుండ్రి."

ఆయన అటూ ఇటూ చూశాడు. తర్వాత బొటనవేలు పెట్టాడు.

"గట్టిగున్నదా?"

"గట్టిగున్నది మేడం."

"ఎడమ ఇది. యాదుంచుకోండ్రి."

తయారు చేసుకున్న మాట అనలేదు. అనాలన్న సంగతే మర్చిపోయినట్టున్నారు. నేను వెనకనుంచి చీర కొంగు లాగాను, "మేడం, ఆ మాట?" అని. పట్టించుకోలేదు. అర కిలో ఖైమా కోసం నిలబడ్డ పెద్దాయన ఏందమ్మా ఇది అని తొంగి చూశాడు. ఆయన వెనక సంచి పట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళూ వచ్చారు. మేడం ఆయాసపడుతూనే ఒక్కొక్కరి ముందు గుండె పట్టి ఒత్తమంటున్నారు. వాళ్ళూ ఒత్తుతున్నారు. పెద్దాయన ఏదో తెలిసినవాడిలా తల పంకించాడు. కరస్పాండెంట్‌కు ఇంకా సరిగ్గా అర్థం కాలేదేమో, మళ్ళీ బొటనవేలు ముందుకు చాపాడు.

"మీది అయిపోయింది సార్" అన్నారు మేడం, ఆయన వైపు చూడకుండానే. "పక్కకు జరుగుండ్రి, ఎనకోళ్ళను రానియ్యుండ్రి."

ఆయన జరిగాడు.