సూర్యాపేట బడిలో మా లచ్చి నోరు

మా ఊరు కోదాడ పక్కన. నాది గొర్రెల బేరం. మిర్యాలగూడ సంతలో గొర్రె నోరు తెరిచి పళ్ళు చూశానంటే దాని వయసు ఇట్టే చెప్పేస్తాను. నన్ను మోసం చేసినవాడు ఇంకా పుట్టలేదు. సూర్యాపేట బడికి పళ్ళ డాక్టరు వస్తున్నాడని, చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలనూ చూస్తాడని మా పంతులు చెబితే, ఆరేళ్ళ మనవరాలు లచ్చిని తీసుకుని బయల్దేరాను. మా ఇంటి పళ్ళెంత గట్టివో నలుగురికీ చూపాలని నా కోరిక.

దారుల మీద గొడవలు సద్దుమణిగి బస్సులు మళ్ళీ తిరుగుతున్నాయి. తెల్లవారగానే కోదాడలో బొగ్గుతో నడిచే బస్సెక్కితే ఎండ ముదరకముందే సూర్యాపేటలో దిగవచ్చు. కిరాయి ఇద్దరికీ కలిపి పన్నెండణాలు. దారిలో పుట్నాలు కొనిచ్చాను. లచ్చి నమలకుండా బుగ్గన పెట్టుకుని చప్పరిస్తోంది. గారాబం ఎక్కువైందని కసిరాను. "పండ్లు లేని నేనే నములుతున్న, నీకేమైందే పిల్లా?" అని డ్రైవరు నవ్వాడు.

బస్సు ఆగేచోటికి బడి దగ్గరే. వసారాలో పిల్లలు వరసకట్టి నోళ్ళు తెరుస్తున్నారు. నాకు నవ్వాగలేదు.

"ఏం డాక్టరు సాబ్, గొర్ల సంత పెట్టినవా గీడ? నన్నడుగు, దూరంకెల్లి సూసి చెప్తా!"

తల్లులు నవ్వారు. డాక్టరూ నవ్వి పక్కకు జరిగాడు. "అయితే నీ పిల్ల నోరు నువ్వే చూసి చెప్పు, పెద్దాయనా."

గడ్డం పట్టి తెరిచాను. దవడ పళ్ళు నల్లబడి తొర్రలు పడ్డాయి. చిగుళ్ళు వాచాయి. అలాంటి నోరున్న గొర్రెను ఊరకే ఇచ్చినా తోలుకురాను.

"చెప్పవేంది తాతా?" వెనకనుంచి ఒకామె అరిచింది. లచ్చి గడ్డం వదిలేశాను.

"రాత్రి ఏం పెడతారు?" డాక్టరు నెమ్మదిగా అడిగాడు.

"బెల్లం ముక్క. ఏడ్వకుండ పండుకుంటదని నేనే పెడ్త. పాలపండ్లే గద సాబ్, ఊడిపోయేటియే."

"ఊడేదాకా తినాలి కదా! ఈ బడి పిల్లలు తినగానే నోరు పుక్కిలిస్తారు. పంతులు వారం వారం నోళ్ళు చూస్తాడు. నువ్వూ చూడు."

ఒక పన్ను పీకాడు. లచ్చి నా పంచె పట్టుకుని ఏడుస్తుంటే ఎవరి మొహమూ చూడలేకపోయాను.

తిరుగు బస్సులో, కిటికీ వెలుతురుకు దాని గడ్డం పట్టుకోబోయాను. మూతి బిగించుకుంది.

"నన్ను సుత అమ్ముతవా తాతా?"

నేను నోళ్ళు తెరిచేది బేరానికేనని దానికి తెలుసు. సంతలో మోసపోలేదని ఇన్నేళ్ళు మీసం తిప్పాను. ఇంట్లో పిల్ల ఎన్నాళ్ళనుంచి నమల్లేకపోతోందో నాకు తెలియదు. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

పిల్లలతో ఈ దారిన పోయేవాళ్ళకు ఒక్క మాట. బయల్దేరే ముందే ఇంటి వాకిట్లో, ఎండ వెలుతురులో మీ పిల్ల నోరు మీరే తెరిచి చూడండి. నాలాగా మొదటిసారి నలుగురి ముందు చూడకండి.