ఉన్నదాని పేరే చెప్పాలి

సంతోషకుమారి, మా సంతోషం, చెడ్డదేం కాదు. సత్తెనపల్లి అవతల మిరప కళ్లాల్లో నాతోపాటు తెల్లబారిన తాలుకాయలు ఏరేది. కానీ దానికొక రోగం. పొద్దస్తమానం అక్కతో పోల్చుకుని కుమిలిపోయేది.

అక్క దేవకుమారి ఒంగోల్లో టీచరు. పిల్లల్లేరు. తన మొగుడు పోయాక, పూట గడవక, సంతోషం చంటిపిల్ల రూతును అక్క చేతుల్లో పెట్టింది. చదువుకుంటుందిలే అనుకుంది. ఆనాటి నుంచి ఇదే గోల.

"దానికి ఉద్యోగం, ఇల్లు. ఆఖరికి నా పిల్ల కూడా దాన్నే అమ్మా అంటోంది. నాదీ ఒక బతుకేనా?" అంటూ ఊపిరాడక గుండె పట్టుకునేది.

ఒకరోజు మా అందరికీ పెద్దదైన జానీబీ కసిరింది. "ఆపవే! అరిచేతులు నేలకానించు. కళ్లెదుట ఉన్నదాని పేరు పైకి చెప్పు. ఉన్నదే చెప్పాలి. లేనిది చెప్పావో, మళ్లీ మొదటికొస్తావు."

"ఇది నేల. ఇది గోనెపట్టా. ఇవి మిరపకాయలు. ఇవి నా కాళ్లు."

అలా అనగానే నిజంగానే దానికి ఊపిరి కుదుటపడింది. అప్పట్నుంచి రోజూ అదే పాఠం. "బళ్లో హాజరు పిలుస్తున్నావేంటే?" అని ఏడిపించేదాన్ని.

ఎనభై ఆరులో ఈస్టరుకు అక్క పిల్లను తీసుకొచ్చింది. ఎదిగిన రూతు నోటివెంట ఒక్కసారి అమ్మా అనిపించుకోవాలని సంతోషం ఆశ. పనికి నాగా పెట్టి, మిరప ఘాటు పోవాలని ముందురోజంతా మజ్జిగతో, చింతపండుతో చేతులు తోముకుంది పిచ్చిముండ!

చర్చి అయ్యాక పిల్ల కళ్లం చూస్తానంది. ఇది మురిసిపోయి, గింజలు చూపిద్దామని ఓ కాయ విరిచింది. అంతలో గాలి విసిరి పిల్ల కంట్లో నలుసు పడింది. సంతోషం అన్నీ మరిచి అదే చేత్తో తుడిచేసింది.

పిల్ల కెవ్వుమంది. "పో! ముట్టుకోకు నన్ను!" అని తోసేసి, "అమ్మా, మంట!" అంటూ దేవకుమారి ఒళ్లోకి ఉరికింది.

"ఎంత పని చేశావే చెల్లీ!" అంటూ అక్క నీళ్లతో కళ్లు కడగసాగింది.

సంతోషం కూలబడి అరిచేతులు నేలకానించింది. "ఇది నేల. ఇవి మిరపకాయలు. అది మా అక్క. అది..."

"నీ కూతురే! చెప్పవే!" అని అరిచాను.

తల అడ్డంగా ఊపింది.

"అది మా అక్క కూతురు."

ఊపిరి కుదుటపడింది దానికి. పడకపోయినా బాగుండుననిపించింది నాకు.